పూజకి పోగా మిగిలిన గులాబీ

మా పెరట్లో గులాబీ చెట్టు అమ్మది. నీళ్ళు పోసేది నేనే, ఎండు కొమ్మలు కత్తిరించేది నేనే, పువ్వు మీద హక్కు మాత్రం ఆవిడది. తెల్లారి అయిదున్నరకల్లా చిన్న స్టీలు పళ్ళెం పట్టుకుని వెళ్ళి, విచ్చినవన్నీ కోసుకొచ్చి దేవుడి గదిలో పెట్టేస్తుంది. బొమ్మ వేసుకోవడానికి ఒక పువ్వు కావాలని నేను అడిగినప్పుడు ఆవిడ నా వంక చూసిన చూపు నాకు బాగా తెలిసిందే. ష్యూరిటీ లేకుండా లోను అడిగినవాళ్ళని మా బ్యాంకులో మేం అలాగే చూస్తాం.

చివరికి బేరం కుదిరింది. ఆదివారం పువ్వు నాది, మిగతా ఆరు రోజులూ దేవుడివి. ఆదివారం నాడు పండగొస్తే అది కూడా దేవుడిదే. "వాసన మాత్రం చూడకు. నీకు అక్కర్లేదనుకుంటే మళ్ళీ దేవుడికి పెట్టుకోవాలి" అని ఒక షరతు.

నాకు నలభై మూడేళ్ళు. రాజమండ్రిలో ఒక సహకార బ్యాంకులో క్లర్కుని. చిన్నప్పుడు డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసయ్యాను. హయ్యర్‌కి ఫీజు కట్టి కూడా వెళ్ళలేదు, ఆ ఏడాదే పెళ్ళి చూపులు మొదలయ్యాయి. మళ్ళీ బ్రష్ పట్టింది రెండేళ్ళ కిందట, మా వీధి చివర ఉండే రిటైరైన డ్రాయింగ్ మాస్టారి దగ్గర. జిల్లా పరిషత్ హైస్కూల్లో చేసిన మనిషి. గులాబీలు నేర్పండి అంటే నవ్వారు. "గులాబీ వద్దమ్మా, మందారం వెయ్యి. అయిదు రేకులు, ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో కనబడుతుంది. గులాబీకి అంతు దొరకదు" అన్నారు. నేను వినలేదు.

మొదటి మూడు ఆదివారాలు ఏం జరిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. నడిమధ్య సుడి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో రేకే పెన్సిల్‌తో గీసుకుంటూ బయటికొచ్చాను. అన్నిటి చుట్టూ గీతలు. గీతల మధ్యలో ఎర్ర రంగు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏమే, పువ్వు తీసుకుంది క్యాబేజీ వెయ్యడానికా?" అంది. (ఇంగ్లీషువాళ్ళు ఒక పాత గులాబీ రకాన్ని నిజంగానే క్యాబేజీ రోజ్ అంటారని తర్వాత తెలిసింది. ఫాంతాన్ లతూర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు, 1836లో పుట్టి 1904లో పోయినాయన, పూల బొమ్మలకి ఎంత పేరుపడ్డాడంటే ఆ జాతి గులాబీ ఒకదానికి ఆయన పేరే పెట్టారు. ఇదంతా అమ్మకి చెప్పాను. ఆవిడేమీ కరగలేదు.)

మాస్టారు నా క్యాబేజీ చూసి ఏమీ అనలేదు. లోపలికెళ్ళి టీ కప్పూ సాసరూ తెచ్చి బల్ల మీద పెట్టారు. "గులాబీ అంటే ఇంతే. మధ్యలో కప్పు, చుట్టూ సాసరు. ముందు ఇది ఎటు ఒరిగి ఉందో చూడు. ఇప్పుడు కళ్ళు సగం మూసి పువ్వుని చూడు. రేకులు కనబడకూడదు." సగం మూసిన కళ్ళకి నిజంగానే రేకులు పోయాయి. వెలుగు, మధ్యరకం, చీకటి అని మూడు మరకలు మిగిలాయి. ఆ మూడు మరకల హద్దులే గీసుకోమన్నారు. ముప్ఫై గీతలు గీసే చోట ఎనిమిదో తొమ్మిదో పడ్డాయి.

ఆ తర్వాత వారం అంతా బ్యాంకు నుంచి వచ్చి దేవుడి గదిలో కూర్చుని పువ్వుల వంక చూడడమే పని. అమ్మ నాకు భక్తి పెరిగిందనుకుంది. అప్పుడు కనబడింది ఒక సంగతి. సుడి లోపలి నీడ నల్లగా ఉంటుందని అన్నాళ్ళూ అనుకుంటున్నాను. కాదు. ఒక రేకు మీద పడ్డ వెలుతురు ఎదురు రేకు మీదికి, అక్కణ్ణించి ఇంకో రేకు మీదికి పాకుతుంది. పాకిన ప్రతిసారీ ఇంకాస్త ఎరుపు అంటించుకుంటుంది. అందుకే లోపలికి పోయేకొద్దీ చీకటి పెరిగినా రంగు చల్లబడదు, కుంపట్లో బొగ్గులా లోపల్నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. బయటికి మడత పడిన అంచుల మీద మాత్రం కిటికీలోని ఆకాశం పడి లేత నీలం కలిసిన గులాబీ రంగు. నేను ఆ నీడల్లో అన్నాళ్ళూ నలుపు కలుపుతూ వచ్చాను!

నీటి రంగులు మొదలుపెట్టింది రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో. అంతకంటే బుద్ధి తక్కువ పని లేదు. మామూలు డ్రాయింగ్ కాగితం తడపగానే అప్పడంలా లేచి, రెండోసారి బ్రష్ తగిలితే నూగు రేగింది. మాస్టారు తిట్టి, 300 జీఎస్ఎమ్ (అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగే మందపాటి) కాటన్ కాగితం కొనిపించారు. ఒక్క షీటుకి పెట్టే డబ్బుకి మామూలు డ్రాయింగ్ పుస్తకాలు రెండు మూడొస్తాయి, దాని మీద గీత గీయడానికి నాకు వారం పాటు ధైర్యం రాలేదు. దాన్ని ప్లైవుడ్ ముక్క మీద నాలుగు వైపులా టేపు వేసి బిగించాలి. నీళ్ళకి రెండు గ్లాసులు, ఒకటి బ్రష్ కడగడానికి, రెండోది రంగులోకి. రంగు కలపడానికి తెల్ల పింగాణీ పళ్ళెం.

పెట్టెలో తెల్ల రంగు ట్యూబు కూడా ఉంది. మాస్టారు దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. "నీకు తెలుపు కాగితమే. ఎక్కడ వెలుతురు కావాలో అక్కడ బ్రష్ పెట్టకు, అంతే." అంతే అన్నారు గానీ అదే అసలు తిప్పలు. మామూలుగా మనం వెయ్యాల్సింది ఆలోచిస్తాం. ఇక్కడ వెయ్యకూడనిది ముందే తెలియాలి. మడత పడిన రేకు అంచు సన్నటి తెల్ల గీతలా మెరవాలంటే, ఆ గీత అటూ ఇటూ రంగు వేసి దాన్ని వదిలెయ్యాలి. చెయ్యి ఊరుకోదు, నింపేస్తుంది. ఒకసారి నిండితే మళ్ళీ ఆ తెలుపు పూర్తిగా రాదు. తడి బ్రష్‌తో రుద్ది టిష్యూతో అద్దితే కొంత లేస్తుంది గానీ, చాకలికి వేసిన బట్ట మీద మరక పోయినట్టే, జాడ ఉంటుంది.

ఇక ఫ్యాను. ఫ్యాను వేస్తే కాగితం రెండు నిమిషాల్లో ఆరిపోయి రేకు మధ్యలో కత్తితో కోసినట్టు గీత పడుతుంది. ఆపేస్తే చెమట. ఒక ఆదివారం అంతా చక్కగా కుదిరిందనుకుంటుండగా నుదుటి మీంచి ఒక బొట్టు సరిగ్గా పెద్ద రేకు మధ్యలో పడింది. సగం ఆరిన రంగు మీద నీళ్ళు పడితే ఆ నీళ్ళు రంగుని అంచులకి నెట్టేస్తాయి. చూస్తుండగానే రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ, దాని చుట్టూ రంపం పళ్ళలాంటి ముదురు అంచు. దీన్ని బొమ్మలవాళ్ళు కాలీఫ్లవర్ అంటారట. క్యాబేజీ నుంచి కాలీఫ్లవర్‌కి ఎదిగానన్నమాట.

శ్రావణం వచ్చాక గాలిలో తేమ పెరిగి పని సులువైంది. తడి కాగితం మీద తడి రంగు వేయడం అప్పుడు ఒంటబట్టింది. కాగితాన్ని కంటి ఎత్తులో పట్టుకుని పక్కనుంచి చూడాలి. అద్దంలా మెరుస్తుంటే ఆగాలి, రంగు పెడితే ఇష్టమొచ్చినట్టు పరిగెడుతుంది. మెరుపు తగ్గి పట్టుబట్టలా కనబడినప్పుడు పెడితే కాస్త పాకి, అంచు మెత్తగా చేసుకుని ఆగుతుంది. సుడిలో చీకటి పెట్టాల్సింది అప్పుడే. మెరుపు పూర్తిగా పోయి, చేతి వెనక వైపుతో తాకితే ఇంకా చల్లగా ఉంటే చేతులు కట్టుకుని కూర్చోవాలి, కాలీఫ్లవర్ పూసేది ఆ సమయంలోనే. చల్లదనం పోయాక రెండో పొర, ఈసారి గట్టి అంచులతో, నాలుగైదు చోట్ల మాత్రం. రంగు ఆరాక వెలిసినట్టు పలచబడుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువైందనిపించేలా వెయ్యాలి. ఈ లెక్క నాకు ఇప్పటికీ తప్పుతూనే ఉంటుంది.

ఆకులకి పెట్టెలోని ఆకుపచ్చ నేరుగా వేస్తే ప్లాస్టిక్ పూలదండలా ఉంది. పువ్వుకి వాడిన గులాబీ రంగే ఒక చుక్క అందులో కలిపితే అణిగింది. లేత చిగురుకైతే ఆకుపచ్చే అక్కర్లేదు, అది ముదురు ఎరుపు. ఎన్నేళ్ళుగానో ఆ చెట్టుకి నీళ్ళు పోస్తున్నదాన్ని, బొమ్మ వేసేదాకా చూడలేదు.

ఆగస్టులో ఒక బొమ్మ కుదిరింది. బ్రష్ పట్టుకున్నది మొత్తం నలభై నిమిషాలు ఉంటుందేమో, మిగతా పొద్దంతా ఆరడం కోసం ఎదురుచూడడమే. అమ్మ చూసి "ఇది పువ్వే" అంది. ఫ్రేము కట్టించి హాల్లో తూర్పు కిటికీకి ఎదురు గోడకి తగిలించాం.

ఉగాదికి ఇల్లు దులుపుతూ ఫ్రేము దించినప్పుడు గుండె జారింది. గులాబీ రంగు సగం లేదు! ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి, పువ్వు మాత్రం పెసరపిండితో నలుగు పెట్టినట్టు పాలిపోయింది. రోజూ చూస్తున్న బొమ్మ కావడంతో ఎప్పుడు పోయిందో తెలియనేలేదు. మాస్టారు నా పెట్టె తీసుకుని, భూతద్దంతో చూసి, "ఇది పిల్లల పెట్టెమ్మా. దీంట్లో క్రిమ్సన్, అదే ఈ ముదురు ఎరుపు, ఎండకి నిలవదు" అన్నారు. ముందే చెప్పొచ్చు కదండీ అన్నాను. "గోడకి తగిలించేంత బాగా వేస్తావని అనుకోలేదు" అన్నారాయన. తిట్టో మెచ్చుకోలో తేల్చుకోలేకపోయాను.

డచ్ చిత్రకారుడు వాన్ గో గులాబీల సంగతి ఆయనే చెప్పారు. 1890 మే నెలలో, చనిపోవడానికి రెండు నెలల ముందు, ఫ్రాన్స్‌లోని సాఁ రెమీ మానసిక ఆసుపత్రి నుంచి బయటికొచ్చే రోజుల్లో ఆయన కుండీ నిండా గులాబీలు వేశాడు. ఆ బొమ్మల్లో ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, ఇంకొకటి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. చూసినవాళ్ళంతా తెల్ల గులాబీలనే అనుకుంటారు. వేసినప్పుడు అవి గులాబీ రంగువే. ఆయన వాడిన ఎర్ర రంగు వెలుతురుకి నిలిచే రకం కాదు, పోయింది. వాన్ గో అంతటివాడికే తప్పలేదని కాసేపు ఊరట. కాసేపే.

అప్పట్నుంచి ట్యూబు మీద పేరు చూడడం మానేసి వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే రంగుపొడి నంబరు చూస్తున్నాను. పేరు కంపెనీ ఇష్టం, నంబరు మాత్రం అంతటా ఒకటే. పీఆర్ 83 అంటే అసలు అలిజరిన్ క్రిమ్సన్, చూడ్డానికి గులాబీ కోసమే పుట్టినట్టుంటుంది, పలచగా వేస్తే వెలుతురుకి పోతుంది. పీవీ 19 అని ఉన్నది పర్మనెంట్ రోజ్ లాంటి పేర్లతో అమ్ముతారు, అది నిలుస్తుంది. నమ్మకం కుదరక కాగితం చీలికల మీద రెండూ, నా పెట్టెలోదీ పూసి, సగానికి నల్ల కాగితం కప్పి, కిటికీ అద్దానికి అంటించాను. మూడు నెలల తర్వాత విప్పితే పెట్టెలోని క్రిమ్సన్‌కి కప్పిన సగానికీ కప్పని సగానికీ పోలికే లేదు. పీవీ 19లో తేడా నా కంటికి కనబడలేదు.

ఆ కాగితాలు కిటికీకి వేలాడుతుండగానే ఆయిల్ రంగులు మొదలయ్యాయి. ముందు ఒక ఆదివారం మాస్టారు నన్ను దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళారు. ఊళ్ళోనే ఉన్నా, స్కూల్లో ఉన్నప్పుడు ఒకసారి వెళ్ళిందే. రామారావు చిత్రకారుడు. 1897లో మా ఊళ్ళోనే పుట్టి, బొంబాయిలో చదువుకుని వచ్చి, 1925లో మశూచితో పోయాడు, ముప్ఫై కూడా నిండలేదు. అక్కడ నీటి రంగులూ, తైలవర్ణాలూ రెండూ ఉన్నాయి. మాస్టారు ఒకటే పరీక్ష పెట్టారు, చీటీ చదవకుండా ఏది ఏదో చెప్పమన్నారు. రెండు తప్పు చెప్పాను. "వెలుతురు కాగితంలోంచి వస్తోందా, రంగు మీద కూర్చుందా, అది చూడు" అన్నారు. మిగతావి సరిగ్గానే చెప్పాను.

ఆయిల్లో అంతా తలకిందులు. చీకటితో మొదలుపెట్టి వెలుతురుకి రావాలి. జేబులోకి పోయిన తెలుపు ఇక్కడ పెద్ద ట్యూబులో తిరిగొచ్చింది. పన్నెండు పదహారు అంగుళాల కాన్వాస్ బోర్డు మీద ముందు బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగుని టర్పెంటైన్‌తో నీళ్ళలా పలచన చేసి పూసి, దాని మీదే పువ్వు ఆకారం. ఆ తర్వాత చీకటి మరక, మధ్య మరక. కింద పొరలు టర్పెంటైన్‌తో పలచగా, పైకి పోయేకొద్దీ అవిసె నూనె ఎక్కువగా ఉండాలి. నూనె రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలి పీల్చుకుని గట్టిపడుతుంది. నూనె ఎక్కువైన పొర నిదానం. దాని మీద తొందరగా ఆరే పొర వేస్తే కింద ఇంకా కదులుతుంటే పైన బీటలిస్తుంది. అమ్మ టర్పెంటైన్ వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "అవిసె నూనెతోనే ఎందుకు, పల్లీ నూనె ఉంది కదా" అని అడిగింది. మంచి ప్రశ్నే. పల్లీ నూనె ఎన్నాళ్ళున్నా ఆరదు, అందుకే బొమ్మకి పనికిరాదు. బ్రష్‌లు కడగడానికి మాత్రం వంటింట్లోని సన్‌ఫ్లవర్ నూనె కాస్త పట్టుకెళ్ళేదాన్ని, తర్వాత సబ్బు. నూనె లెక్క తేలడం లేదని ఆవిడ రెండు నెలలు పనమ్మాయిని అనుమానించింది. ఈ సంగతి ఇక్కడే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

అసలు చిక్కు పువ్వుతో వచ్చింది. ఆయిల్ ఒక్క పూటలో అవదు, పువ్వు ఒక్క పూట కూడా ఆగదు. తొమ్మిదింటికి కప్పులా ఉన్నది పదకొండుకి సాసరైపోతుంది. ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన దాచి చూశాను, కాస్త నిదానించింది గానీ బయటికి తీయగానే బాకీ తీర్చుకున్నట్టు గబగబా విచ్చింది. అప్పుడు మాస్టారు, "నీటి రంగు నేర్చుకున్నది ఎందుకమ్మా?" అన్నారు. ఉదయం పువ్వు తాజాగా ఉండగా అరగంటలో ఒక చిన్న నీటి రంగు బొమ్మ, దాన్ని ఎదురుగా పెట్టుకుని వారాల తరబడి ఆయిల్. ఆ చిన్న కాగితం మీద రేకులు సరిగ్గా ఉండక్కర్లేదు, ఎక్కడ వెలుగు, ఎక్కడ చీకటి, సుడిలో ఎంత ఎరుపు, ఇవి ఉంటే చాలు. పెళ్ళికి ముందు ఎంగేజ్‌మెంట్ ఫొటోలా.

తెలుపు తిరిగొచ్చింది కదా అని ఇష్టంగా కలిపితే ఇంకో పాఠం. ఎర్ర రంగులో తెలుపు కలిపితే వెలుగు రాదు, సున్నం వస్తుంది. నా మొదటి ఆయిల్ గులాబీ ఆస్పత్రి గోడ రంగులో ఉంది. తెలుపులో పిసరంత ఎల్లో ఓకర్, అంటే పసుపు మట్టి రంగు, వేసి కలిపితే ఆ చల్లదనం విరిగింది. రెండో తప్పు బ్రష్ తుడవకపోవడం. ఆకు వేసిన బ్రష్‌తో రేకు తాకాను, ఎరుపూ పచ్చా కలిసి గోదావరి వరద నీళ్ళ రంగు వచ్చింది. నీటి రంగు అయితే అక్కడితో కాగితం చించుకోవాలి. ఇక్కడ కత్తితో మధ్య భాగమంతా గీకేసి, గుడ్డతో తుడిచి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. ఆ వెసులుబాటుకి ఎంత అలవాటుపడ్డానంటే అదే సుడిని నాలుగుసార్లు గీకాను. నాలుగోసారి మాస్టారు కత్తి లాక్కున్నారు.

తుడిచిన గుడ్డల గురించి ఒక మాట, ఎందుకంటే చాలామందికి తెలియదు. అవిసె నూనె పట్టిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకోగలవు. విప్పి దండెం మీద విడివిడిగా ఆరేస్తాను, లేదా నీళ్ళ డబ్బాలో వేస్తాను.

జూన్‌లో మొదటి వాన పడిన రాత్రి తడి కాన్వాస్‌ని హాల్లో ట్యూబ్‌లైటు కింద వదిలేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఉసిళ్ళు. లైటుకి వచ్చినవి వచ్చినట్టు రంగులో దిగబడ్డాయి. ముప్ఫై పైనే ఉంటాయి, రెక్కలు చాపుకుని, కొన్ని ఇంకా కాళ్ళాడిస్తూ. తీయబోతే రంగు చెదురుతుందని, ఆరేదాకా ఆగి సూదితో ఒక్కొక్కటీ పీకమన్నారు మాస్టారు. ఆ ముసురులో అది చేతికి అంటకుండా ఆరడానికి మూడు వారాలు పట్టింది. మూడు వారాలు మా హాల్లో ఉసిళ్ళ గులాబీ. వచ్చినవాళ్ళందరికీ అమ్మే దగ్గరుండి చూపించేది.

సూదితో పీకాక ఆ గుంటల మీదే చివరి పొర వేశాను. రంగులో నూనె బాగా కలిపి, తేనెలా పారదర్శకంగా చేసి, సుడి మీద పూశాను. ఈసారి క్రిమ్సన్ కొన్నప్పుడు నంబరు చూసే కొన్నాను. కింద ఆరిన గులాబీ రంగు ఈ పొరలోంచి కనబడుతుంటే, ఏడాది కింద దేవుడి గదిలో చూసిన ఆ బొగ్గు వెలుగు మొదటిసారి నా బొమ్మలో కనబడింది. నీటి రంగులో నలభై నిమిషాల్లో వచ్చినదానికి ఇక్కడ రెండు నెలలు. అయినా నిజం చెప్పాలంటే, రేకు పలచదనం మాత్రం నాకు నీటి రంగులోనే వస్తోంది. ఆయిల్ గులాబీ బరువుగా, చేత్తో పట్టుకుంటే తూగేలా ఉంటుంది. మాస్టారు ఇది రంగు తప్పు కాదు, నా చెయ్యే బరువు అంటారు.

ఆయిల్ బొమ్మ ఇప్పుడు ఆ తూర్పు కిటికీ ఎదురు గోడకే ఉంది. వార్నిష్ ఇంకా వెయ్యలేదు, లోపలి పొరలు ఆరడానికి కనీసం ఆరు నెలలు ఆగాలి. కింది రేకు మీద ఒక ఉసిలి రెక్క సూదికి రాలేదు, పైపూత కింద అలాగే ఉండిపోయింది. అమ్మ దాన్ని రేకు మీది ఈనె అనుకుంటోంది.

ఇప్పుడు మాస్టారు తెల్ల గులాబీని నీటి రంగులో వెయ్యమంటున్నారు. తెల్ల కాగితం మీద తెల్ల పువ్వు, తెల్ల రంగు లేకుండా. మొన్న కడియపులంక నర్సరీకి వెళ్ళి తెల్ల గులాబీ అంటు ఒకటి తెచ్చి కుండీలో పెట్టాను. రెండు మొగ్గలున్నాయి. అమ్మ అప్పుడే లెక్కపెట్టుకుంది.